పాత ల్యాప్‌టాప్‌కు నవజీవనం

అహమ్మదాబాదు, చెన్నై నగరాలను కలిపే ఒక రైలుబండికి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అని పేరు. సూరత్, భుసావల్, వరంగల్, విజయవాడల మీదుగా అది పోతుంది. ఆ పేరు పెట్టినవారి ఉద్దేశం ఏదైనప్పటికీ, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కొరకు సూరత్ చేరుకొన్న నేత కుటుంబాల విషయంలో మాత్రం అది సార్థకనామమే. మగ్గం గుంటలో కూర్చొని నాడె ఆడించిన తాతల మనుమలు, మనుమరాండ్రు నేడు ఆ నగరంలో మరమగ్గాల నడుమ, చీరల అంగళ్ళలో, కార్యాలయాలలో జీవనం సాగిస్తున్నారు.

తపతీ నదీతీరాన వెలసిన సూరత్ పొరుగువారిని ఆదరించడం నిన్న మొన్న నేర్చినది కాదు. మొగలాయీల కాలంలో అది పశ్చిమతీరపు ప్రముఖమైన రేవుపట్టణం. హజ్ యాత్రికులు ఓడలెక్కినది అక్కడనే. 1613లో ఆంగ్ల వర్తకులు కోఠీ నెలకొల్పుకొన్నదీ అక్కడనే. ఈనాడు కృత్రిమ దారంతో నేసిన వస్త్రాలకు, వజ్రాల సానకు ఆ ఊరు పెట్టింది పేరు. ఒడిశాలోని గంజాం జిల్లావారు, ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహారు కార్మికులు, సౌరాష్ట్రపు వజ్రాల పనివారు, తెలుగు పద్మశాలీలు ఆ నగరపు బట్టలో పడుగూ పేకల వలె కలిసిపోయి ఉన్నారు. అక్కడి నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను గుజరాతీలోనే గాక హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో కూడ నడుపుతూ వచ్చిందంటే ఆ కలయిక ఎంత గాఢమైనదో ఊహించవచ్చు.

ఆ సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మా చిన్నబాపు కుటుంబం చాలా ఏండ్లుగా కాపురముంటున్నది. చిన్నబాపు మరమగ్గాల కార్ఖానాలో పనివాడు. ఆయన కూతురు, నాకు చెల్లెలు, వాణిజ్యశాస్త్రంలో పట్టపరీక్షకు చదువుతూ సాయంకాలాలు ఒక చీరల వ్యాపారి వద్ద లెక్కలు వ్రాస్తున్నది. నేను వారింటికి వెళ్ళిన రోజున ఇల్లంతా ఒక చిన్న దిగులుతో ఉన్నది. మరుసటి నెల నుండి లెక్కలు ఇంటి వద్దనే కంప్యూటరుపై వ్రాసి పంపాలని, అలా వీలుకాకపోతే ఆ పని మరొకరికి అప్పగించవలసి వస్తుందని వ్యాపారి చెప్పాడట. చెల్లెలి వద్ద ల్యాప్‌టాప్ లేకపోలేదు. ఎవరో వాడి అమ్మినదానిని నాలుగేండ్ల క్రితం కొన్నారు. కాని మీట నొక్కిన పది నిమిషాలకు గాని దాని తెర పనికి సిద్ధం కాదు. ఒక పట్టిక తెరిస్తే మరొకటి తెరుచుకోదు. కాసేపటికి అడుగుభాగం పెనం వలె కాలుతుంది.

“తూకానికి అమ్మేసి, అప్పు తెచ్చి కొత్తది కొంటా, బిడ్డా” అన్నాడు చిన్నబాపు. ఆ అప్పు తీరడానికి ఎన్ని నెలల కూలి పోవాలో లెక్క ఆయనకు తెలుసు. చెల్లెలికి మరింత బాగా తెలుసు.

ఇది ఒక్క మా ఇంటి ప్రశ్న కాదు. అనేక కుటుంబాలలో, పాఠశాలలలో, గ్రంథాలయాలలో ఇటువంటి యంత్రాలు బీరువాల మీద దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిలో ఏది నిజంగా చచ్చినది, ఏది కేవలం సొమ్మసిల్లినది? సొమ్మసిల్లినదానికి ప్రాణం పోయడం ఎలా? మా చెల్లెలి యంత్రం ఆధారంగా ఈ విషయాలను వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

సాంచా చెప్పిన పాఠం

తెలంగాణ నేతవారు మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. గుజరాతీలో యంత్రాన్ని ‘సంచో’ అంటారు. ఒక భాష నుండి మరొక భాషకు మాటలు మోసే వృత్తిలో ఉన్నదానను కనుక ఇటువంటి పోలిక విన్నప్పుడు నా చెవి నిక్కబొడుచుకొంటుంది.

మగ్గానికీ కంప్యూటరుకూ ఉన్న బంధుత్వం మాటల పోలికతో ఆగదు. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరానికి చెందిన జోసఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో, రంధ్రాలు పొడిచిన అట్టల సాయంతో పువ్వులు నేసే మగ్గాన్ని రూపొందించాడు. రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ‘ఉన్నది, లేదు’ అనే ఈ రెండు మాటలతోనే ఎంత చిక్కు పువ్వునైనా మగ్గానికి చెప్పవచ్చు. 1830 దశకంలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన విశ్లేషక యంత్రానికి ఆ అట్టల పద్ధతినే స్వీకరించాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు గాని, నేటి కంప్యూటరుకు అది పూర్వీకునిగా పరిగణింపబడుతున్నది. కాబట్టి నేతగాని ఇంటిలో కంప్యూటరు పరాయి వస్తువు కాదు, దూరపు చుట్టమే.

చిన్నబాపు పనిచేసే కార్ఖానాలో కొన్ని మగ్గాల ఇనుప చట్రాలు పాతవే. వాటి మీది అట్టల జకార్డులను తీసివేసి ఎలక్ట్రానిక్ జకార్డులు బిగించారు. చట్రం గట్టిగా ఉండగా మగ్గాన్ని మొత్తం మార్చనవసరం లేదని యజమానికీ తెలుసు, పనివానికీ తెలుసు. ఈ సంగతి గుర్తు చేసి, “మరి దీనికి మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించదు?” అని అడిగాను.

ఆయన కాసేపు ఆలోచించి, “సాంచా ఆగితె ముందుగాల్ల మోటరు మార్సుడు కాదు బిడ్డా, దారం ఏడ తెగిందో సూడాలె” అన్నాడు. పాత యంత్రాన్ని బాగుచేయడంలో ఇంతకు మించిన మొదటి సూత్రం లేదు.

మాంద్యానికి కారణమేమి?

కంప్యూటరు లోపలి వ్యవస్థను ఒక గ్రంథాలయంతో పోల్చవచ్చు. ప్రాసెసర్ అనే భాగం గ్రంథపాలకుని వంటిది; పని చేసేది అదే. ర్యామ్ అనబడే తాత్కాలిక జ్ఞాపకస్థానం ఆయన ముందున్న బల్ల. హార్డ్ డిస్క్ వెనుక గదిలోని బీరువాలు. పాఠకుడు అడిగిన పుస్తకం బల్లమీద ఉంటే వెంటనే చేతికందుతుంది. బల్ల ఇరుకైతే గ్రంథపాలకుడు మాటిమాటికీ లేచి ఒక పుస్తకం బీరువాలో పెట్టి మరొకటి తేవలసి ఉంటుంది. బీరువాలు దూరంగా ఉంటే ఆయన కాలమంతా నడకకే సరిపోతుంది. బయట నిలబడిన పాఠకునికి మాత్రం గ్రంథపాలకుడు సోమరిగా కనిపిస్తాడు.

పాత ల్యాప్‌టాప్‌ల విషయంలో సాధారణంగా జరుగుతున్నది ఇదే. పదేండ్లనాటి ప్రాసెసర్ సైతం వ్రాతపనికి, పట్టికలకు, పాఠాలు చూడడానికి చాలినంత సమర్థమైనదే. లోపం తరచుగా బల్లలోనూ, బీరువాలోనూ ఉంటుంది. అందుచేత ముందుగా చేయవలసినది కొనుగోలు కాదు, పరిశీలన. నిర్వహణ వ్యవస్థలోనే ఉండే ‘టాస్క్ మేనేజర్’ వంటి పట్టికను తెరిస్తే ప్రాసెసర్, జ్ఞాపకస్థానం, డిస్క్ ఏ మేరకు వినియోగమవుతున్నదీ శాతాలలో కనిపిస్తుంది. చెల్లెలి యంత్రంలో ఆమె ఏ పనీ చేయకుండ ఉన్నప్పుడు సైతం డిస్క్ నూటికి నూరుపాళ్ళు తీరిక లేకుండ ఉన్నది; 4 గిగాబైట్ల జ్ఞాపకస్థానంలో ఖాళీ దాదాపు లేదు; ప్రాసెసర్ మాత్రం చాలాభాగం ఊరక కూర్చున్నది. దారం తెగిన చోటు తెలిసింది.

అన్నిటికన్న ముందు నకలు

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. రోగం తెలిసిందన్న ఉత్సాహంతో, అందులోని సమాచారానికి నకలు తీయకుండగనే అడుగుమూత మరలు విప్పి, హార్డ్ డిస్క్‌ను బయటికి లాగి చూచి, తిరిగి అమర్చాను. యంత్రాన్ని మళ్ళీ వెలిగించగా డిస్క్ లేదన్న సందేశం తెరపై నిలిచింది. రెండు సంవత్సరాల పాఠాల గుర్తులు, పరీక్ష కొరకు సగం వ్రాసిన నివేదిక, వ్యాపారి లెక్కలు అన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. చెల్లెలు ఒక్క మాట అనలేదు. వంటగదిలోకి వెళ్ళి నిలబడింది. ఆ మౌనం నాకు నేటికీ గుర్తున్నది. గంటసేపటి తర్వాత, డిస్క్ అతుకు సరిగా కూర్చోలేదని తెలిసింది. మళ్ళీ జాగ్రత్తగా నొక్కి బిగించగా సమాచారమంతా క్షేమంగా కనిపించింది. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని నకలు తీయడం.

చిన్నబాపుకు ఈ నియమం కంప్యూటరు నేర్పినది కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడిచిన నీటితో తపతి పొంగి సూరత్‌లో అధికభాగం మునిగినప్పుడు ఆయన ఇంటి కాగితాలన్నీ నీటి పాలయ్యాయి. నాటి నుండి ముఖ్యమైన ప్రతి కాగితానికీ ఒక నకలు సిరిసిల్లలోని మా ఇంటి పెట్టెలో ఉంచుతున్నాడు. సమాచారం విషయంలోనూ అంతే. నకలు ఒకటి చాలదు, రెండు ఉండాలి. రెండూ ఒకే ఇంటిలో ఉండరాదు. ఒకటి బయటి డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో, మరొకటి వేరొక చోటనో, అంతర్జాలపు నిల్వలోనో ఉండడం క్షేమకరం. పాత డిస్క్ ‘టక్కు టక్కు’ మని చప్పుడు చేస్తూ ఉంటే అది వీడ్కోలు చెబుతున్నదని గ్రహించి, మరే పనీ పెట్టుకోకుండ ముందు నకలు తీసుకోవాలి.

బీరువాను మార్చుట

పాత ల్యాప్‌టాప్‌లలోని హార్డ్ డిస్క్ తిరిగే పళ్ళెం వంటిది. చాలావాటిలో అది నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. అనగా ఒక్క చుట్టుకు సెకనులో తొంభయ్యో వంతు కాలం పడుతుంది. మనం కోరిన అక్షరం చదివే ముల్లు క్రిందికి వచ్చే వరకు యంత్రం నిరీక్షించాలి. ఆ కాలం మనకు అత్యల్పమే. కాని యంత్రం మేలుకొనేటప్పుడు వేలకొలది చిన్న చిన్న దస్త్రాలను వేర్వేరు చోట్ల నుండి ఏరి తెచ్చుకోవాలి. ఆ నిరీక్షణలన్నీ కూడితే అవే నిమిషాలవుతాయి.

ఎస్.ఎస్.డి. అనబడే కొత్త తరహా నిల్వలో తిరిగే భాగమేదీ లేదు. సమాచారం అర్ధవాహకపు పలకలలో విద్యుద్రూపంలో ఉంటుంది గనుక ఏ మూలనున్న అక్షరమైనా సెకనులో పదివేలవ వంతు ప్రాంతంలో అందుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో చేయదగిన మార్పులలో ఇంతటి ఫలితమిచ్చేది వేరొకటి లేదు. ‘సాటా’ అతుకు గల రెండున్నర అంగుళాల ఎస్.ఎస్.డి. పాత డిస్క్ స్థానంలోనే కూర్చుంటుంది. పాతది తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మందం, కొత్తది ఏడు మిల్లీమీటర్ల మందం అయితే మధ్య సందు నింపడానికి ఒక పలుచని చట్రం పెడతారు. తీసివేసిన పాత డిస్క్ ఇంకా ఆరోగ్యంగా ఉంటే దానిని ఒక చిన్న పెట్టెలో అమర్చి, నకళ్ళు దాచుకొనే బయటి డిస్క్‌గా వాడుకోవచ్చు.

బల్లను వెడల్పు చేయుట

తర్వాతిది ర్యామ్. నేటి అంతర్జాల పుటలు బరువైనవి. 4 గిగాబైట్లు ఇరుకు. 8 ఉంటే సాధారణమైన పనులన్నిటికీ సరిపోతుంది. అయితే ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. ఒకటి: ర్యామ్‌లో తరాలున్నాయి. డి.డి.ఆర్.3 పలక డి.డి.ఆర్.4 గాడిలో పట్టదు. నొక్కినకొద్దీ విరుగుతుందే గాని లోపలికి పోదు. డి.డి.ఆర్.3లోనూ ఒకటిన్నర వోల్టులది, 1.35 వోల్టులది అని రెండు రకాలున్నాయి. యంత్రం ఏది కోరుతున్నదో చూచి కొనాలి. రెండు: కొన్ని పలుచని నమూనాలలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఉంటారు, వాటిలో మార్పుకు వీలు లేదు. మూడు: నిర్వహణ వ్యవస్థ 32 బిట్లదైతే సాధారణంగా 4 గిగాబైట్లకు మించి వాడుకోలేదు, దానిని 64 బిట్లదిగా మార్చాలి.

ఈ భాగాల కొరకు ఉధనా దర్వాజా సమీపంలోని ఒక చిన్న దుకాణానికి వెళ్ళాము. దుకాణదారు గుజరాతీ, మరమ్మతు చేసే అతడు ఖాందేశ్ మరాఠీ, మరలు ఏరి డబ్బీలో వేస్తున్న కుర్రవాడు ఒడియా. మేము తెలుగువారము. నలుగురి మాటా హిందీలో నడిచింది; ఎవరి హిందీ వారిది. నేను వృత్తిరీత్యా హిందీ వ్యాకరణం ఎరిగినదానను. కాని ఆ బల్ల దగ్గర నా వ్యాకరణం కంటె వారి హిందీయే ఎక్కువ పని చేసింది. మరమ్మతుదారు మా యంత్రపు నమూనా సంఖ్య చూచి, అందులో రెండు గాడులున్నాయని, ఒకటి ఖాళీగా ఉన్నదని చెప్పి, ఉన్నదానికి తోడు మరొక 4 గిగాబైట్ల పలక చాలునన్నాడు. రెండూ కొత్తవి అంటగట్టవచ్చు. అతడు అలా చేయలేదు.

ధూళి, వేడి, విద్యుత్తు

మరమగ్గాల ప్రాంతంలో గాలిలో దారపు నలుసులు తేలుతూ ఉంటాయి. ల్యాప్‌టాప్ తన ఫ్యానుతో ఆ గాలినే పీల్చుతుంది. మేము మూత తీయగా, వేడి బయటికి పోయే లోహపు రెక్కల సందులలో ధూళి ఒక మెత్తని పట్టీ వలె పేరుకొని ఉన్నది. గాలి ఆడనప్పుడు ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. కనుక మాంద్యానికి వేడి కూడ ఒక కారణమే. మెత్తని కుంచెతో ధూళి తీయాలి. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండ పట్టుకోవాలి. ప్రాసెసర్‌కూ లోహపు పలకకూ మధ్య పూసే ఉష్ణవాహక లేపనం ఏండ్లు గడిచినకొద్దీ ఎండిపోతుంది. పాతది తుడిచి కొత్తది కందిగింజంత వేస్తే చాలును.

మరొక హెచ్చరిక సూరత్‌కు ప్రత్యేకంగా వర్తిస్తుంది. కృత్రిమ దారపు బట్టల రాపిడి వలన మన శరీరంలో స్థిరవిద్యుత్తు చేరుతుంది. చలికాలం పొడిగాలిలో అటువంటి చీర తొలగించేటప్పుడు చిటపటమనేది అదే. మనకు తెలియనంత స్వల్పమైన ఆ విద్యుత్తు ర్యామ్ పలకను పాడు చేయడానికి చాలును. కావున ఛార్జరు ఊడదీసి, బ్యాటరీ అతుకు విడదీసి, నూలు బట్టలు ధరించి, భూమితో సంబంధమున్న లోహపు వస్తువును ముందుగా తాకి, ఆ తర్వాతనే లోపలి భాగాలపై చేయి వేయాలి. పలకలను అంచులతోనే పట్టుకోవాలి.

బ్యాటరీ విషయంలో హాస్యమాడరాదు. లిథియం బ్యాటరీ ఉబ్బి, మూత ఎగదన్నుతూ ఉంటే యంత్రాన్ని వెంటనే ఆపివేయాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చినా, వంచినా, నొక్కినా అగ్నిప్రమాదం జరగవచ్చు. దానిని తెలిసినవారి చేత తీయించి, ఇ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి, చెత్తబుట్టలో వేయరాదు. ఉబ్బకుండ, ఛార్జి నిలవకుండ మాత్రమే ఉన్నట్లయితే కొత్తది వేయించుకోవచ్చు. తేదీ, సమయం తరచుగా తప్పుతూ ఉంటే లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయిందని అర్థం. చాలా నమూనాలలో దానిని మార్చడం స్వల్ప వ్యయంతో కూడిన పని.

దేహం సరే, ప్రాణం?

యంత్రభాగాలు దేహమైతే నిర్వహణ వ్యవస్థ ప్రాణం. చెల్లెలి యంత్రంలో ఉన్నది విండోస్ 10. దానికి సంస్థ ఇచ్చే సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. సవరణలు ఆగిన వ్యవస్థ తక్షణమే పనిచేయడం మానదు గాని, తాళం పాడైన తలుపు వలె అంతర్జాలంలో దొంగలకు అవకాశమిస్తుంది. విండోస్ 11 వేద్దామంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం, కొంత ఇటీవలి ప్రాసెసర్ ఉండాలని నిబంధన. మా పాత యంత్రానికి ఆ అర్హత లేదు. దేహం గట్టిగా ఉండగా కేవలం ఈ నిబంధన వలన పనికిరానివైన యంత్రాలు లోకంలో కోకొల్లలు.

ఇటువంటి సందర్భంలో లినక్స్ ఆధారంగా నిర్మింపబడిన ఉచిత వ్యవస్థలు ఆదుకొంటాయి. లినక్స్ మింట్, ఉబుంటు వంటివి ప్రసిద్ధమైనవి. మన దేశంలో భారత ప్రభుత్వ సంస్థయైన సి-డాక్, డెబియన్ ఆధారంగా బాస్ అనే పేరుతో భారతీయ భాషలకు అనువైన వ్యవస్థను రూపొందించింది. వీటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్క్‌ను ముట్టకుండగనే నడిపి చూడవచ్చు. తెర, శబ్దం, వైఫై, మీటలపలక అన్నీ పనిచేస్తున్నాయని రూఢి చేసుకొన్న తర్వాతనే స్థిరంగా నెలకొల్పుకోవచ్చు.

అయితే ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. కొన్ని లెక్కల క్రమణికలు విండోస్‌లో మాత్రమే నడుస్తాయి. అటువంటిది తప్పనిసరియైనవారు మార్పుకు ముందే విచారించుకోవాలి. మా అదృష్టం కొద్దీ ఆ చీరల వ్యాపారి లెక్కలు సాధారణ పట్టికల రూపంలోనే ఉన్నాయి. అవి లిబ్రే ఆఫీసులో చక్కగా తెరుచుకొన్నాయి.

భాష విషయం కూడ ఇక్కడ ప్రస్తావించడం సముచితం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుండే స్థానమున్నది. నేటి లినక్స్ వ్యవస్థలలో తెలుగు చదవడానికి, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో వ్రాయడానికి ఏర్పాట్లు ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక విశేషమున్నది: తెలుగు ‘క’, గుజరాతీ ‘క’, హిందీ ‘క’, ఒడియా ‘క’ అన్నీ ఒకే మీట మీద ఉంటాయి. ఒక భాషలో వేళ్ళు నేర్చిన దారి మరొక భాషలోనూ పనికివస్తుంది. చెల్లెలు ఇంటిలో తెలుగు, కళాశాలలో గుజరాతీ, అంగడిలో హిందీ వాడుతుంది. ఆమెకు మూడు భాషలు, ఒకే మీటలపలక. అనువాదకురాలిగా నేను ఎన్నో ఏండ్లుగా చేతితో చేస్తున్న పనిలో సగం ఆ పలక ఏనాడో చేసిపెట్టిందని ఆ రోజు నాకు తోచింది.

వాడినది కొనేవారికి, విడిచిపెట్టేవారికి

వాడిన ల్యాప్‌టాప్ కొనేవారు కొనుగోలు రశీదు అడగాలి. మొదటి వెలుగులోనే రహస్యపదం అడిగే యంత్రాన్ని తీసుకోరాదు; అది దొంగసొత్తు కావచ్చు. మూత బందులు, తెర మీది మచ్చలు, ప్రతి మీట, ప్రతి రంధ్రం పరీక్షించాలి. ఛార్జరు తీసివేసి అరగంట నడిపి చూడాలి. అమ్మేవారు సమాచారాన్ని కేవలం తొలగిస్తే చాలదు. దస్త్రం తొలగించడమంటే పుస్తకం పేరును పట్టికలో కొట్టివేయడమే. పుస్తకం బీరువాలోనే ఉంటుంది. డిస్క్‌ను పూర్తిగా చెరిపే సాధనాలతో చెరిపిన తర్వాతనే ఇతరుల చేతికివ్వాలి.

ప్రతి యంత్రాన్నీ బ్రతికించబూనడం వివేకం కాదు. మదర్‌బోర్డు కాలినది, తెర పగిలినది, భాగాలు దొరకనిది, బాగుచేయడానికయ్యే వ్యయం అదే స్థాయి మంచి యంత్రపు వెలను సమీపించేది విడిచిపెట్టదగినవే. వాటిలోని ర్యామ్, ఛార్జరు మరొక యంత్రానికి పనికిరావచ్చు. మిగిలినది ఇ-వ్యర్థాల సేకరణకు చేరాలి. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఇ-వ్యర్థాలు పోగుపడగా, వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినవి నాలుగోవంతు కంటె తక్కువ. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాలు తయారీదారులపై బాధ్యత మోపాయి. వినియోగదారునికి మరమ్మతు హక్కు కల్పించే విషయమై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఒక ల్యాప్‌టాప్ తన జీవితకాలంలో పర్యావరణానికి చేసే హానిలో అధికభాగం దాని తయారీలోనే జరుగుతుంది. అందుచేత ఉన్నదానిని మరి మూడు నాలుగేండ్లు వాడుకోవడం ఇంటికీ మేలు, లోకానికీ మేలు.

విద్యాసంస్థలలో మూలపడిన యంత్రాలను విద్యార్థులే ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పరిశీలించి, రెండింటి నుండి ఒకటి చొప్పున బాగుచేసి గ్రంథాలయంలో ఉంచగలిగితే అది పాఠ్యగ్రంథం చెప్పలేని పాఠమవుతుంది.

మా ప్రయత్నం మూడవనాటి సాయంత్రానికి ముగిసింది. మొత్తం వ్యయం కొత్త యంత్రపు వెలలో చిన్న భాగం. చిన్నబాపు పని దిగి వచ్చి మంచంమీద కూర్చున్నాడు. చెల్లెలు మీట నొక్కింది. అర నిమిషంలోపు తెర వెలిగి పట్టిక తెరుచుకొన్నది. “అక్కా, ఇది అదేనా?” అని అడిగింది. చిన్నబాపు అరచేతితో అడుగుభాగం తాకి చూచాడు. సాంచా మోటరును తాకి చూచే అలవాటు అది. వేడి లేదు. ఏమీ అనకుండ లేచి, విప్పిన మూతకు చెందిన ఒక మర నేలమీద మిగిలిపోయి ఉంటే ఏరి నా చేతిలో పెట్టాడు.

ఆ మర బిగించిన తర్వాతనే నేను స్టేషనుకు బయలుదేరాను. చెల్లెలు తలుపు దాకా రాలేదు. వ్యాపారి పంపిన తొలి పట్టిక అప్పటికే ఆమె ముందు తెరిచి ఉన్నది.